చైనా వాళ్ళ డ్రాగన్ కొమ్ముని మన మేడ మీద నుంచి చూడటం ఎలా

మన చిత్త నక్షత్రం ఉంది కదా, పంచాంగంలో నెలకోసారి తగిలేది, ఇంగ్లీషులో స్పైకా అంటారు, అదే చైనా వాళ్ళ ఆకాశంలో నీలి డ్రాగన్ తల మీద కొమ్ము. మనకి 27 నక్షత్రాలున్నట్టే వాళ్ళకి చంద్రుడి దారిలో 28 మజిలీలు, ఆ 28లో మొట్టమొదటిది ఇదే, పేరు జియావ్. ఈ ఒక్క మజిలీ కింద వాళ్ళు పదకొండు చిన్న చిన్న గుంపులు రాసుకున్నారు, కొమ్ము దగ్గర మొదలుపెట్టి దక్షిణానికి దిగుతూ పోతే ఆఖరికి నాన్‌మెన్ అంటే దక్షిణ ద్వారం దగ్గర తేలతాం, అక్కడ మెరిసేది మనం స్కూల్లో చదువుకున్న ఆల్ఫా సెంటారీ. పైన చిత్త, కింద ఆల్ఫా సెంటారీ, రెండూ జంట నక్షత్రాలే. కాకపోతే మొదటిది మనం కొనుక్కోగలిగే ఏ టెలిస్కోపుకీ విడిపోదు, రెండోది చిన్నపిల్లల టెలిస్కోపుకి కూడా విడిపోతుంది.

ఇంకో సంగతేంటంటే ఇవాళ బీజింగ్‌లో నిలబడి చూస్తే ఆ దక్షిణ ద్వారం అస్సలు కనపడదు, దిగంతం పైకి రానే రాదు. హైదరాబాదులోనో తిరుపతిలోనో మేడెక్కితే కనపడుతుంది. అంటే చైనా వాళ్ళ మొదటి మజిలీ మొత్తం పైనుంచి కిందదాకా చూడాలంటే వాళ్ళ పాత రాజధానుల కంటే మన మేడలే నయం, అందుకే ఇది రాస్తున్నా. ఎలా చూడాలో వరసగా చెప్తా, మధ్యలో కథలు కూడా వస్తాయి, తొందరున్నవాళ్ళు అవి దాటేయండి.

ముందు టైము చూసుకోండి

చిత్త ఏప్రిల్ రెండో వారంలో సరిగ్గా పొద్దుగూకే వేళకి తూర్పున లేస్తుంది. మే పదిహేను ప్రాంతంలో రాత్రి పది దాటేసరికి దక్షిణం వైపు నడినెత్తికి కాస్త కిందగా, అరవై డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆల్ఫా సెంటారీ దానికంటే గంటంపావు ఆలస్యంగా దక్షిణానికి చేరుతుంది, అంటే మే మధ్యలో అయితే పదకొండున్నరకి, జూన్ మధ్యలో అయితే తొమ్మిదిన్నర లోపే. జూన్ టైమే సుఖం కానీ అప్పటికి నైరుతి మబ్బులు దిగిపోతాయి, రాత్రుళ్ళు వారం వారం చుక్క కనపడదు. కాబట్టి మే నెలలో అమావాస్యకి అటో ఇటో నాలుగు రోజులు పెట్టుకోండి, ఎలాగూ ఎండలకి ఇంట్లో నిద్ర పట్టదు, కరెంటు పోతే ఇంకా మంచిది.

అక్టోబరులో మాత్రం ప్రయత్నించకండి. చిత్తకార్తె అనగానే మనవాళ్ళకి కుక్కలే గుర్తొస్తాయి గానీ, అసలు ఆ కార్తె అంటే సూర్యుడు చిత్త దగ్గర ఉన్న రోజులని అర్థం, సూర్యుడి పక్కనున్న చుక్క మనకెలా కనపడుతుంది. నవంబరు మొదట్లో తెల్లవారుజామున తూర్పున మళ్ళీ బయటికొస్తుంది.

సామాన్లు పెద్దగా ఏం అక్కర్లేదు. ఒక చాప, దక్షిణం వైపు చెట్లూ అపార్టుమెంట్లూ అడ్డం లేని మేడ, ఉంటే ఒక బైనాక్యులర్, 7×50 కానీ 10×50 కానీ. చివరి మెట్టుకి మాత్రం 60 లేదా 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఫోను వెలుతురు తగ్గించి పెట్టుకోండి, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

గరిటె కాడ పట్టుకుని కొమ్ము దాకా

చాప మీద తల ఉత్తరానికి, కాళ్ళు దక్షిణానికి పెట్టి వెల్లకిలా పడుకోండి. ఉత్తరం వైపు తల పెట్టకూడదని ఇంట్లో పెద్దవాళ్ళు కచ్చితంగా కేకలేస్తారు, నిద్రపోవట్లేదమ్మా చుక్కలు చూస్తున్నాం అని సర్ది చెప్పుకోండి. ఎందుకిలా అంటే మనం చూడబోయే గీత ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోతుంది, నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది.

తల వెనక్కి వంచితే ఉత్తరాన సప్తర్షి మండలం, మే నెల రాత్రి తొమ్మిదిన్నరకి బోర్లా పడ్డట్టు ఎత్తులో ఉంటుంది. చైనా వాళ్ళకి అది బెయ్‌దౌ, ఉత్తరపు గరిటె. నాలుగు చుక్కలు గిన్నె, మిగతా మూడూ కాడ, మన లెక్కలో అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి. ఆ కాడ కొంచెం వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపుని అలాగే పొడిగించుకుంటూ పోండి. చెయ్యి చాపి పిడికిలి పెడితే సుమారు పది డిగ్రీలు, అలాంటి మూడు పిడికిళ్ళు దాటాక నారింజ రంగులో గట్టిగా మెరిసే చుక్క వస్తుంది, అది స్వాతి. హైదరాబాదు వాళ్ళకైతే స్వాతి దాదాపు నడినెత్తి మీదుగానే పోతుంది, ఒకటి రెండు డిగ్రీలు తేడా అంతే. చైనా పటంలో దీని పేరు దా జియావ్, పెద్ద కొమ్ము. అదే వంపులో ఇంకో మూడు పిడికిళ్ళ పైచిలుకు దక్షిణానికి దిగితే తెల్లగా, కాస్త నీలం కలిసినట్టుండే చుక్క ఒంటరిగా కనపడుతుంది. అదే చిత్త, అదే కొమ్ము.

ఈ దారి నేను కనిపెట్టింది కాదు. సుమారు 2100 ఏళ్ళ కింద హాన్ రాజ్యంలో సీమా చియెన్ అనే ఆస్థాన చరిత్రకారుడు తన పెద్ద చరిత్ర గ్రంథంలో ఆకాశం గురించి ఒక అధ్యాయం రాశాడు, అందులో గరిటె కాడ డ్రాగన్ కొమ్ముని పట్టుకుని ఉంటుందని ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడైనా కొత్తవాళ్ళకి చిత్తని చూపించేటప్పుడు ఇదే వంపు చూపిస్తారు.

చూసింది చిత్తేనా కాదా అని డౌటొస్తే దానికి కుడిపక్కన, అంటే పడమరగా, ఒక పిడికిలిన్నర దూరంలో నాలుగు చుక్కలు ఒంకరటింకర చతురస్రంలా ఉన్నాయేమో చూడండి. అది మన హస్త. చైనా వాళ్ళకి అది 28వ మజిలీ, పేరు జెన్, రథం. ఆఖరి మజిలీ పక్కనే మొదటి మజిలీ, చుట్టూ తిరిగొచ్చిన దండకి ముడి అక్కడ పడిందన్నమాట. మనం ఇప్పుడు అశ్వినితో మొదలుపెడతాం, వాళ్ళు చిత్తతో మొదలుపెట్టారు.

ఈ 28 పేర్లూ వరసగా రాసి ఉన్న పాత వస్తువు ఒకటి దొరికింది. 1978లో హుబెయ్ రాష్ట్రంలో సుయ్‌జౌ దగ్గర జెంగ్ అనే చిన్న రాజ్యపు ప్రభువు యి సమాధి తవ్వారు, క్రీస్తు పూర్వం 433 నాటిది. అందులో లక్క పూసిన ఒక చెక్క పెట్టె మూత మీద మధ్యలో గరిటె అనే అక్షరం పెద్దగా, దాని చుట్టూ 28 మజిలీల పేర్లు, ఒక పక్క డ్రాగన్, ఇంకో పక్క పులి. ఆ పెట్టె ఇప్పుడు వుహాన్‌లోని హుబెయ్ రాష్ట్ర మ్యూజియంలో ఉంది. ఆ సమాధిలో దొరికిన కంచు గంటల వరస ప్రపంచమంతా ఫేమస్, అందరూ వాటి ముందే నిలబడి ఫోటోలు దిగుతారు, నన్నడిగితే ఆ పెట్టె మూతే అసలు సరుకు.

ఇప్పుడు గేటు వెతకండి

కొమ్ము అంటే ఒకటే కాదు, రెండు. రెండో కొమ్ము కోసం చిత్త నుంచి పైకి, అంటే ఉత్తరానికి, ఒక పిడికిలి కంటే కొంచెం ఎక్కువ జరగండి, ఒక పిసరు తూర్పుగా. అక్కడ మసకగా ఒక చుక్క ఉంటుంది, 3.4 మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక), ఊళ్ళో అయితే మామూలుగా కనపడుతుంది, సిటీలో అయితే బైనాక్యులర్ తియ్యాల్సిందే. కన్యా రాశిలో జీటా అనే నక్షత్రం అది.

ఈ రెండు కొమ్ముల మధ్య ఖాళీనే చైనా వాళ్ళు ఆకాశ ద్వారం అన్నారు. క్రీ.శ. 648లో తాంగ్ రాజుల కాలంలో పూర్తయిన జిన్ వంశ చరిత్రలో ఖగోళం అధ్యాయాలు లీ చున్‌ఫెంగ్ అనే ఆయన రాశాడు, అందులో ఈ రెండు చుక్కల మధ్యే గేటు, గేటు లోపల ఆకాశపు కొలువు, సూర్యుడి దారి దీని మధ్య నుంచే పోతుంది, ఏడు గ్రహాలూ ఇటే నడుస్తాయి అని ఉంది. నిజంగానే అంతే. చిత్త సూర్యుడి దారికి రెండు డిగ్రీలు కింద ఉంటే, రెండో కొమ్ము ఎనిమిదిన్నర డిగ్రీలు పైన ఉంటుంది. సూర్యుడు, చంద్రుడు, శుక్రుడు, గురుడు, ఎవరైనా ఈ దారినే రావాలి, చంద్రుడొక్కడే అప్పుడప్పుడు కాస్త కిందకి జారి చిత్తనే కప్పేస్తుంటాడు. ఒక కొమ్ము న్యాయాధికారి, ఇంకోటి సేనాపతి అని కూడా రాసుకున్నారు, రాజుగారి వాకిట్లో ఒకవైపు తీర్పులు చెప్పేవాడు ఒకవైపు కత్తి పట్టినవాడు. గేటు దగ్గర ఏదైనా గ్రహం ఆగినా, వెనక్కి తిరిగినా ఆస్థానంలో వెంటనే కంగారు, ఎవరికో మూడిందని.

దీన్ని మీరు కళ్ళారా చూడాలంటే ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. గోడ మీద తెలుగు క్యాలెండర్ తీసి రాత్రి వేళ చిత్త నక్షత్రం ఉన్న తేదీ ఏదో చూడండి. ఆ రాత్రి చంద్రుడు ఈ గేటు దగ్గరే ఉంటాడు, ఎందుకంటే మన పంచాంగం చెప్పేది కూడా అదే, చంద్రుడు ఎక్కడున్నాడని. అంతకుముందు రోజు హస్త, తర్వాత రోజు స్వాతి. మూడు రోజులు వరసగా ఒకే టైముకి మేడెక్కి చూస్తే చంద్రుడు గేటుకి ఇవతల నుంచి అవతలికి పోవడం తెలిసిపోతుంది. చైత్ర పౌర్ణమికైతే నిండు చంద్రుడే గేటు పరిసరాల్లో ఉంటాడు, ఆ నెలకి ఆ పేరు దాన్నుంచే, కానీ ఆ వెలుతురులో రెండో కొమ్ము కనపడదు, సన్న చంద్రుడున్నప్పుడు చూడటమే మేలు.

గురుడి సంగతి ఇంకా బాగుంటుంది. 2017 సెప్టెంబరులో కావేరి పుష్కరాలు మొదలైన రోజులు గుర్తున్నాయా, గురుడు కన్య దాటి తులలోకి వెళ్ళాడని పుష్కరాలు పెట్టారు కదా, మన సిద్ధాంతుల్లో చాలామంది వాడే లెక్కలో ఆ కన్యా తులల సరిహద్దు సరిగ్గా చిత్త దగ్గరే ఉంటుంది. అంటే ఇక్కడ జనం కావేరిలో మునకలేస్తుంటే పైన గురుడు చైనా వాళ్ళ ఆకాశ ద్వారం దాటుతున్నాడు. పన్నెండేళ్ళ లెక్కన 2029 ప్రాంతంలో మళ్ళీ ఇటే వస్తాడు.

ఆ రెండు గేటు స్తంభాలూ పక్కపక్కన ఉన్నట్టు అనిపిస్తాయి గానీ ఒకదానికొకటి ఏ సంబంధం లేదు. రెండో కొమ్ము మనకి 74 కాంతి సంవత్సరాల దూరం, చిత్త సుమారు 250.

కొమ్ములో దాక్కున్న రెండోది

చిత్తకి అసలు జోడీ వేరే ఉంది, అది చిత్త లోపలే ఉన్నట్టు లెక్క. 1890లో జర్మనీలో పాట్స్‌డామ్ అబ్జర్వేటరీలో ఫోగెల్ అనే ఆయన చిత్త వెలుగుని పట్టకంలో చీల్చి ఫోటో తీసుకుంటూ పోతే అందులో నల్ల గీతలు కొన్ని రోజులు నీలం వైపు, కొన్ని రోజులు ఎరుపు వైపు జరుగుతున్నాయి. మనవైపు వస్తున్న వెలుగు నీలం వైపుకి, దూరంగా పోతున్న వెలుగు ఎరుపు వైపుకి జరుగుతుంది, అంటే ఆ నక్షత్రం ముందుకీ వెనక్కీ ఊగుతోంది, అంటే దేని చుట్టూనో తిరుగుతోంది. ఒక చుట్టుకి నాలుగు రోజులు, అంతే, నాలుగు రోజుల మీద ఇరవై నిమిషాలు. మనకి సోమవారం నుంచి శుక్రవారం అయ్యేలోపు ఆ రెండూ ఒక ప్రదక్షిణ పూర్తి చేసేస్తాయి.

పెద్దది మన సూర్యుడికి పది రెట్ల పైన బరువు, చిన్నది ఏడు రెట్లు, రెండూ ఇరవై వేల డిగ్రీల వేడి అటూ ఇటూ, రెండిటి మధ్య దూరం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో ఎనిమిదో వంతు మాత్రమే. సెకనుకి వంద కిలోమీటర్ల పైన వేగంతో తిరుగుతుంటాయి. అంత దగ్గరగా ఉండటం వల్ల ఒకదాన్నొకటి లాగి కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయాయి, అందుకే తిరిగేకొద్దీ మనకి ఒకసారి పొడుగు పక్క, ఒకసారి పొట్టి పక్క కనపడి వెలుతురు చాలా కొంచెం తగ్గి పెరుగుతుంది, నూటికి మూడు పాళ్ళు, మామూలు కంటికి తెలీదు, తెలిసిందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

టెలిస్కోపు పెట్టి విడదీద్దామని మాత్రం ఆశపడకండి. ఆకాశంలో ఆ రెండిటి మధ్య ఎడం ఆర్క్ సెకనులో (అంటే డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్కలో) 600వ వంతు కూడా ఉండదు. 1960ల్లో ఆస్ట్రేలియాలో నారాబ్రై దగ్గర రెండు పెద్ద అద్దాలని రైలు పట్టాల మీద దూరంగా జరుపుతూ ఒక ప్రత్యేకమైన పరికరం కట్టారు, దాంతో చిత్త కక్ష్యని కొలిచి 1971లో ప్రకటించారు, దూరం కూడా దాన్నుంచే బాగా తేలింది. అదే రోజుల్లో ఇంకో వింత, పెద్ద నక్షత్రం నాలుగు గంటల పది నిమిషాలకోసారి ఉబ్బి తగ్గుతోందని పట్టుకున్నారు, పట్టుకున్న కొన్నేళ్ళకే, 1970ల మొదట్లో, అది సద్దుమణిగిపోయింది.

కాబట్టి ఈ మెట్టులో మీరు చేయాల్సిందల్లా బైనాక్యులర్‌లో చిత్త రంగు చూడటం. వెంటనే స్వాతి వైపు తిప్పి మళ్ళీ చిత్త వైపు తిప్పండి, నారింజకి నీలానికి తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఆ నీలం రెండు నక్షత్రాలది కలిపి.

డ్రాగన్ తల ఎత్తే రోజు

ఇది దాటేసినా పర్లేదు, నాకిష్టం కాబట్టి చెప్తున్నా. చైనా చాంద్రమానంలో రెండో నెల రెండో రోజుని లోంగ్ తై తౌ అంటారు, డ్రాగన్ తల ఎత్తే రోజు. ఫిబ్రవరి ఇరవై ప్రాంతం నుంచి మార్చి ఇరవై ప్రాంతం లోపు వస్తుంది. ఆ రోజు క్షవరం చేయించుకుంటే మంచిదని సెలూన్ల ముందు క్యూలు కడతారు, సన్న నూడుల్స్ వండుకుని డ్రాగన్ మీసాలని పేరు పెట్టుకుని తింటారు. దీని వెనక చెప్పే లెక్క ఏంటంటే చలికాలమంతా పొద్దుగూకే వేళకి డ్రాగన్ మొత్తం నేల కిందే ఉంటుంది, వసంతం రాగానే సాయంత్రం తూర్పున ముందు కొమ్ము పైకొస్తుంది, ఒళ్ళు ఇంకా కిందే ఉంటుంది, అంటే తల ఎత్తినట్టు.

మీరు ఆ రోజు మేడెక్కి చూస్తే పొద్దుగూకే వేళకి కొమ్ము రాదు. మార్చి మొదట్లో అయితే తొమ్మిది దాటాక, మార్చి ఇరవైకి అయితే ఎనిమిదికి వస్తుంది. చైనా వాళ్ళ తప్పేం లేదు, భూమి ఇరుసు మెల్లగా తిరుగుతుండటం వల్ల డెబ్భై రెండేళ్ళకి ఒక డిగ్రీ చొప్పున నక్షత్రాలు ఋతువుల లెక్కలో జరిగిపోతుంటాయి. రెండు వేల ఏళ్ళకి 28 డిగ్రీలు, అంటే దాదాపు నెల ఆలస్యం. హాన్ కాలంలో టైముకి వచ్చిన కొమ్ము ఇప్పుడు నెల లేటు. ఈ జరుగుడుని చైనాలో క్రీ.శ. 330 ప్రాంతంలో యూ షి అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు పట్టుకున్నాడు, గ్రీసులో అంతకు నాలుగైదు వందల ఏళ్ళ ముందే హిప్పార్కస్ పట్టుకున్నాడు, ఆయన పట్టుకున్నది కూడా ఈ చిత్త తోనే, తనకంటే నూటయాభై ఏళ్ళ ముందు కొలిచిన తిమోకారిస్ లెక్కకీ తన లెక్కకీ రెండు డిగ్రీలు తేడా రావడం చూసి.

కొమ్ము నుంచి కిందకి దిగడం

ఇప్పుడు మేలో రాత్రి పదకొండు అయ్యుంటుంది, లేచి కూర్చోండి, దక్షిణం వైపు తిరగండి. చిత్త నుంచి తిన్నగా కిందకి రెండున్నర పిడికిళ్ళు, కొంచెం ఎడమకి, ఒక మోస్తరు కాంతి చుక్క, కొద్దిగా నారింజ, పేరు మెంకెంట్. ఇక్కడి నుంచి కింద చెల్లాచెదురుగా చాలా చుక్కలుంటాయి, అదంతా కులౌ, డ్రాగన్ రాజ్యపు ఆయుధశాల. పది నక్షత్రాలు గోడలు, లోపల స్తంభాలు అని వేరే చిన్న గుంపులు కూడా గీశారు. ఇక్కడ ఎక్కువ సేపు ఆగకండి, చుక్కలు గుర్తుపట్టడం తలనొప్పి వ్యవహారం, స్టెల్లేరియం అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకుని ఎఫ్4 నొక్కి స్కై కల్చర్ అనే దాంట్లో చైనీస్ ఎంచుకుంటే గీతలతో సహా కనపడుతుంది, ముందు రోజు పగలే ఒకసారి చూసుకుని పెట్టుకోండి.

ఇంకా కిందకి దిగితే దిగంతానికి పైన ఒక పిడికిలి ఎత్తులో రెండు పెద్ద చుక్కలు పక్కపక్కన మెరుస్తుంటాయి. మిస్సయ్యే ఛాన్సే లేదు, అంత కిందగా అంత వెలుగుతో వేరేవి లేవు. ఎడమది కొంచెం పసుపుగా ఎక్కువ వెలుగుతో ఉండేది ఆల్ఫా సెంటారీ, చైనా పేరు నాన్‌మెన్ అర్, దక్షిణ ద్వారంలో రెండోది. ద్వారంలో మొదటిది ఆ పక్క చుక్క కాదు, కుడికి కొంచెం పైన ఉండే ఎప్సిలాన్ సెంటారీ. పక్కనున్న నీలి చుక్క బీటా సెంటారీ పేరు చైనా పటంలో గుర్రం పొట్ట, ఆ పేరు మింగ్ రాజుల చివరి రోజుల్లో యూరప్ పటాలు చూసి దక్షిణాకాశానికి కొత్త గుంపులు చేర్చినప్పుడు వచ్చింది.

ఎత్తు మీ ఊరిని బట్టి మారుతుంది. తిరుపతిలో పదిహేనున్నర డిగ్రీలు, విజయవాడలో పన్నెండున్నర పైన, హైదరాబాదు, విశాఖల్లో పదకొండున్నర అటూ ఇటూ, ఆదిలాబాదులో తొమ్మిదిన్నర. విశాఖ వాళ్ళకి దక్షిణం వైపు సముద్రం దొరికే చోటు ఉంటే అంతకంటే ఏం కావాలి. చైనాలో గ్వాంగ్‌జౌ నుంచి ఆరు డిగ్రీలే, షియాన్ నుంచి అయితే దిగంతం పైకి రానే రాదు. కానీ రెండు వేల ఏళ్ళ కింద అదే షియాన్, అప్పటి ఛాంగాన్, నుంచి నాలుగు డిగ్రీల ఎత్తులో కనపడేది. దేశానికి దక్షిణపు గుమ్మం ఎక్కడ పెట్టాలి అంటే ఆకాశం అంచున ఇంకాస్త ఉంటే మునిగిపోయే చోట పెట్టారు. షియా చిన్న క్యాలెండర్ అని వాళ్ళకి ఒక పాత నెలల పట్టిక ఉంది, అందులో నాలుగో నెలలో పొద్దుగూకగానే దక్షిణ ద్వారం నిటారుగా ఉంటుందని రాసుకున్నారు. తర్వాత భూమి ఇరుసు తిరుగుడికి ఆ గుమ్మం వాళ్ళ దిగంతం కిందకి దిగిపోయింది.

దక్షిణ ద్వారాన్ని విడదీయడం

టెలిస్కోపు ఇప్పుడు బయటికి తియ్యండి. అరగంట ముందే మేడ మీద పెట్టి ఉంచాలి, లేకపోతే గొట్టం లోపల వేడిగాలికి బొమ్మ వణుకుతుంది. మే నెలలో పగలంతా కాలిన సిమెంటు మేడ రాత్రంతా సెగ కక్కుతుంది కాబట్టి సాయంత్రం నాలుగు బకెట్లు నీళ్ళు చల్లుకుంటే రెండు విధాలా మంచిది. ముందు తక్కువ పవర్ ఐపీస్‌తో చుక్కని మధ్యలోకి తెచ్చుకోండి, తర్వాత 80 నుంచి 100 రెట్లు పెంచండి. చుక్క అంత కిందగా ఉంటుంది కాబట్టి ఉడుకుతున్నట్టు ఎగురుతుంది, కంగారు పడొద్దు, కన్ను తియ్యకుండా ఒకటి రెండు నిమిషాలు చూస్తూ ఉండండి, మధ్యమధ్యలో ఒక్క క్షణం గాలి నిలకడగా ఉంటుంది, అప్పుడు టక్కుమని రెండుగా కనపడుతుంది. ఒకటి పసుపు, ఇంకోటి కొంచెం మసకగా నారింజ వైపు. ఆ పసుపుది దాదాపు మన సూర్యుడే. ఇద్దరూ 80 ఏళ్ళకోసారి ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు, దూరం 4.37 కాంతి సంవత్సరాలు. మూడోది ప్రాక్సిమా, 1915లో ఇన్నెస్ కనిపెట్టింది, మనకి ఇంకా దగ్గర, 4.24, కానీ మన టెలిస్కోపులకి దొరకదు.

ఇది జంట అని మొదట చూసింది ఎక్కడో తెలుసా, పాండిచ్చేరిలో. 1689 డిసెంబరులో రిషో అనే ఫ్రెంచి జెసూట్ ఫాదర్ అక్కడ తోకచుక్క ఒకటి చూస్తూ ఉంటే ఈ నక్షత్రం టెలిస్కోపులో పడింది, చూస్తే రెండు. ఆయన అంతకుముందు సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, ఉండేవాడు, అక్కడ రాజు మారి గొడవలైతే ఇటు వచ్చి పడ్డాడు. చైనా వాళ్ళు రెండు వేల ఏళ్ళు గుమ్మంలో ఒక స్తంభంగా చూసిన చుక్క రెండుగా తేలింది మన తీరంలో, తిరుపతి నుంచి బస్సెక్కితే పొద్దుటికి దిగే ఊళ్ళో.

ఇక్కడిదాకా వచ్చాక ఓపికుంటే ఎడమకి, ఆగ్నేయం వైపు చూడండి, ఎర్రగా జ్యేష్ఠ, దాని కింద వంకర తిరిగిన మూల. చైనాలో అవే డ్రాగన్ గుండె, తోక. మధ్యలో మెడ, ఛాతీ, పొట్ట, తోక చివర విసురుకి చేట అని ఇంకో మజిలీ, మొత్తం ఏడు. అర్ధరాత్రి దాటితే కొమ్ము నుంచి చేట దాకా డ్రాగన్ పూర్తిగా దక్షిణాన పరుచుకుని ఉంటుంది.

టెలిస్కోపు ఎప్పుడో కొందాంలే అనుకునేవాళ్ళకి ఒక్క విషయం. ఆల్ఫా సెంటారీ జంట 2016లో 4 ఆర్క్ సెకన్ల దాకా దగ్గరికి వచ్చి మళ్ళీ విడిపోతూ వచ్చింది, ఇప్పుడు చిన్న టెలిస్కోపుకి సుఖంగా సరిపోతుంది. 2035లో కక్ష్యలో ఒకదానికొకటి బాగా దగ్గరికొస్తాయి, ఆ తర్వాత మన చూపుకి ఎడం 2 ఆర్క్ సెకన్ల లోపుకి పడిపోతుంది, దిగంతం అంచున ఉడికే గాలిలో 60 మిల్లీమీటర్ల దానికి అప్పుడు అది ఒక్క చుక్కే.